టీచరమ్మ పప్పు

10 నవంబరు 1969, సోమవారం

రాయిగెడ్డ కేంపుకి వచ్చి వారం కావస్తోంది. ఇక్కడ మనసు విప్పి మాట్లాడుకునే మనిషి లేదు, అందుకే ఈ పుస్తకం మొదలుపెట్టాను. ఎవరూ చదవరు కాబట్టి ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు. నెల్లిమర్లలో అమ్మకి రాసే ఉత్తరాల్లో మాత్రం అన్నీ బాగున్నాయనే రాస్తున్నాను. నిజంగా బాగానే ఉన్నాయి.

కాగితాల మీద దీని పేరు కొత్త కాలనీ. పోలీసులూ, జనమూ అందరూ కేంపు అనే అంటారు. కొండమీద జాతాపు గిరిజనుల ఊళ్ళు నాలుగైదు ఖాళీ చేయించి, అందర్నీ కిందికి దింపి, తాటాకు పాకలు వేయించి, చుట్టూ వెదురు దడి కట్టించారు. గేటు దగ్గర పోలీసుల డేరాలు. అడవిలో తుపాకులు పట్టుకు తిరిగేవాళ్ళకి కొండమీద ఎవరూ కూడు పెట్టకుండా ఈ ఏర్పాటు అని నరసింగరావు బావ చెప్పాడు. బావ ఇక్కడ పోలీసుల దగ్గర రైటరు. ఈ స్కూలు పోస్టు నాకు వేయించింది తనే. వేసవిలో మా పెళ్ళి. జనం పగలు పొలాలకి వెళ్ళొచ్చు, పోలీసులు వెంట ఉంటారు, పొద్దు వాలేసరికి దడి లోపలికి వచ్చేయాలి. ఇందులో తప్పేముంది అన్నాడు బావ. నాకూ ఏమీ కనిపించలేదు.

దడి నా స్కూలు చుట్టూ కూడా ఉంది. పిల్లలు పారిపోకుండా మంచిదే అనుకున్నాను.

13 నవంబరు

ఈవేళ ఒక పిల్లని మీ అయ్య ఏం చేస్తాడే అని అడిగితే, సంతకెళ్ళినాడు అంది. సంత నుంచి నీకేం తెస్తాడు, జీళ్ళా ఖర్జూరమా అని నవ్వుతూ అడిగాను. పిల్లలందరూ పలకల మీదికి తలలు దించేశారు. ఎందుకో అర్థం కాలేదు.

తరవాత గున్నమ్మ చెప్పింది. గున్నమ్మ స్కూలు ఊడ్చి, మధ్యాహ్నం పిల్లలకి గంజి కాస్తుంది. ఆమె మొగుడు సూరయ్య వీళ్ళకి ఎజ్జోడు, అంటే పూజలు చేసే పెద్ద. మొదటిసారి జీపు వచ్చి మగవాళ్ళని విచారణకి ఎక్కించుకుపోయింది సంత రోజునట. ఎక్కడికి బాబూ అని ఆడవాళ్ళు అడిగితే, సంతకి అని డ్రైవరు నవ్వాడట. అప్పట్నించీ జీపు ఎక్కినవాడు సంతకెళ్ళినట్టే. తిరిగొస్తే సంత చేసుకొచ్చాడంటారు. తిరిగి రాకపోతే ఏమంటారో నేను అడగలేదు. ఆ పిల్ల అయ్య దసరాకి ముందు వెళ్ళాడట.

16 నవంబరు, ఆదివారం

ఇక్కడి మాటలు వినడం నాకు సరదాగా ఉంది. అలా అనుకోవచ్చో లేదో తెలీదు గాని, ఉంది.

పొద్దున్నా సాయంత్రమూ అందర్నీ వరసల్లో కూర్చోబెట్టి లెక్కపెడతారు. దాన్ని బంతి అంటారు. దించిన రోజున అలా వరసగా కూర్చోబెడితే ఒక ముసలమ్మ చాలాసేపు చూసి, "బంతి కూకున్నాం గదా బాబూ, ఆకులెయ్యండి" అందట. జనమూ నవ్వారు, పోలీసులూ నవ్వారు. ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు. ఇప్పుడు కానిస్టేబుళ్ళే ఈల ఊది బంతి బంతి అని అరుస్తారు. చిత్తూరు నుంచి కొత్తగా వచ్చిన కుర్ర కానిస్టేబులు అది పోలీసు శాఖ మాటే అనుకుంటున్నాడు. మీ డ్రిల్లు పుస్తకంలో ఉందా అని అడిగితే ఉండే ఉంటుందన్నాడు. వాడి అమాయకత్వానికి నవ్వొచ్చింది.

ఇంకో మాట ఉంది. నానిపోయాడు అంటారు. శ్రావణంలో ఒకతను వాన కురుస్తుంటే పాక బయట కూర్చుని, ఎంత పిలిచినా లోపలికి రాలేదట. తడిసిపోతున్నావురా అంటే తలెత్తి చూడలేదట. తరవాత అన్నం మానేశాడు, మాట మానేశాడు. అప్పట్నించీ అలా దడివైపు తిరిగి కూర్చుండిపోయిన మనిషిని నానిపోనాడు అంటారు. గున్నమ్మ ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది. జబ్బు పేరు చెప్పినట్టు చెప్పింది.

పిల్లలకి అంత భయం లేదు. లెక్క రాక బిత్తరపోయిన కుర్రాణ్ణి చూసి ఒకడు, ఈడు నానిపోనాడు టీచరమ్మా అన్నాడు. వాడి అరచేతిమీద బద్దతో కొట్టాను. నేను ఎవర్నయినా కొట్టడం అదే మొదలు.

20 నవంబరు

బావ టీ తాగడానికి వచ్చాడు. ఇద్దరం గుమ్మంలో కూర్చున్నాం. ఏదో మాట్లాడాలి కదా, ఇక్కడి మాటలు చెప్పాను. సంత, బంతి తనకి తెలుసు. అల్లుడు తెలీదు. పోలీసులకి కబుర్లు మోసేవాణ్ణి వీళ్ళు అల్లుడు అంటారు, పోలీసుల వంటలో కూర పెట్టి మర్యాద చేస్తారు కాబట్టి. బావ పొలమారేట్టు నవ్వాడు. నువ్వు గట్టిదానివే పద్మా, మాకు ఇన్నాళ్ళూ తెలీలేదు అన్నాడు. తను నన్ను మెచ్చుకోవడం నాకు బాగుంటుంది. ఇంకేం మాటలున్నాయి అని అడిగాడు. ఇంకేం లేవన్నాను.

22 నవంబరు

గేటు దగ్గర కానిస్టేబుళ్ళు నూకయ్య అనే అతన్ని అందరి ముందూ "అల్లుడుగారూ, టీ తాగుతారా" అని పిలిచారు. నూకయ్య ఏనాడూ వాళ్ళ ముద్ద ముట్టలేదని గున్నమ్మ అంటోంది. పోలీసులు ఏమడిగినా నోరు విప్పని మనిషట.

23 నవంబరు

బంతిలో నూకయ్య పక్కన ఎవరూ కూర్చోలేదు. నేను బావకి ఎవరి పేరూ చెప్పలేదు. ఒక్క మాట చెప్పాను, అదీ నవ్వుకోడానికి.

2 డిసెంబరు

ఒళ్ళు మండిపోతోంది. కొండమీద కందులు కోతకొచ్చాయి. పోలీసుల కాపలాలో వెళ్ళి కోసుకొచ్చారు, ఆరబెట్టి కొట్టుకున్నారు, కుండలకెత్తి మూతలు కట్టేశారు. ఒక్క గింజ పొయ్యెక్కలేదు. పిల్లలకేమో రేషను నూకల గంజి. ఒక్కొక్కడి జుట్టు ఎర్రబారిపోయింది, కాళ్ళు పొంగుతున్నాయి. కుండల్లో పప్పు పెట్టుకుని పిల్లల్ని మాడ్చే తల్లులు ఉంటారా? ఒకామెని గట్టిగా అడిగితే ఇంకా తినకూడదు టీచరమ్మా అని వెళ్ళిపోయింది. ఎవరు తినొద్దన్నారు అంటే సూరయ్య అంది.

సాయంత్రం బావతో అదే అన్నాను. వీళ్ళకి బుద్ధి లేదు బావా, కుండల్నిండా కందులున్నాయి, సూరయ్య తినొద్దన్నాడని మూతలు పెట్టుకు కూర్చున్నారు అన్నాను. బావ టీ సగంలో వదిలేసి వెళ్ళాడు.

3 డిసెంబరు

గున్నమ్మ చెప్పింది. నాకు ముందే ఎందుకు చెప్పలేదో.

కంది కొత్త చెయ్యకుండా తినరట. కొత్త పంట ఏదైనా సరే, ముందు వీళ్ళ దేవత జాకరమ్మ దగ్గర పెట్టాలి. ఎజ్జోడు పెట్టాలి. పుష్యమాసంలో రోజు చూసి సూరయ్య చెప్తాడు. అప్పటిదాకా పసిపిల్లకయినా పెట్టరు. పెడితే ఏమవుతుందన్నాను. "పెట్టరమ్మా" అంది గున్నమ్మ. అంతకంటే ఆమెకి చెప్పడానికేమీ లేదు, ఆ ప్రశ్నే ఆమెకి వింతగా ఉంది. ఇన్నాళ్ళూ ఎప్పుడూ అలా జరగలేదు కాబట్టి ఏమవుతుందో తెలీదట.

బావకి ఈ సంగతి చెప్పాలి. రేపు టీకి వచ్చినప్పుడు చెప్తాను.

4 డిసెంబరు

బావ రాలేదు.

5 డిసెంబరు, శుక్రవారం

పొద్దున్న బంతిలో అందర్నీ కూర్చోబెట్టి పాకలు వెతికారు. కుండలన్నీ తెచ్చి గేటు దగ్గర పెట్టారు. తిండిలేక మాడుతూ ఇన్ని కందులు దాచారంటే ఇవి ఎవరికోసం అని ఇన్‌స్పెక్టరు గారు అడిగారు. దాచమన్నది ఎవరు అంటే, సూరయ్య తనే లేచి నిలబడ్డాడు. నాను సెప్పినాను బాబూ, కొత్త అవ్వలేదు అన్నాడు. ఇన్‌స్పెక్టరుగారు ఆయన మాట వినిపించుకోలేదు.

సూరయ్యని సంతకి తీసుకుపోయారు. నేను కూడా అలాగే రాశాను ఇప్పుడు.

గున్నమ్మ మధ్యాహ్నం వచ్చి గంజి కాసింది. మసిగుడ్డ ఎక్కడుందమ్మా అని అడిగింది తప్ప ఇంకో మాట లేదు. పోలీసులు ఎలాగూ వెతికేవాళ్ళే. కుండలు ఎవరికీ కనపడనివేం కావు.

6 డిసెంబరు

బావతో దెబ్బలాడాను. కొత్త గురించి అంతా చెప్పాను. నువ్వు మొన్న చెప్పింది వేరు, ఇప్పుడు చెప్పేది వేరు అన్నాడు. రెండూ ఒకటే బావా అన్నాను. అయితే ఇన్‌స్పెక్టరు గారితో నువ్వే చెప్పు, చదువుకున్నదానివి అన్నాడు. సూరయ్య ఎలా ఉన్నాడంటే మొహం తిప్పుకున్నాడు.

భయంగా ఉంది. ఆయన్ని చంపేస్తే?

8 డిసెంబరు, సోమవారం

వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు గారు అనుకున్నంత చెడ్డమనిషి కాదు. మలేరియా పడి లేచారు, కళ్ళు పచ్చగా ఉన్నాయి. అమ్మా, ఇలాంటి కథలు రోజూ వింటాను, ఏది నమ్మమంటావు అన్నారు. అప్పుడు నాకు ఆలోచన తట్టింది. అడవిలోవాళ్ళ కోసం దాచిన పప్పయితే వీళ్ళు తినరు కదండీ, అందరూ మీ ఎదురుగా వండుకుని తినేస్తే నమ్ముతారా అన్నాను. తింటే సూరయ్యని పంపేస్తాను, తినకపోతే ఇంకో నలుగురు వెళ్తారు అన్నారు.

ఎగిరి గంతేసినంత పని చేశాను. ఎంత తేలికగా తీరిపోయింది. పిల్లల కడుపూ నిండుతుంది, సూరయ్యా వస్తాడు. పరుగున వెళ్ళి గున్నమ్మకి చెప్పాను. ముందర కొత్త సెయ్యాలమ్మా అంది. చెయ్యడానికి సూరయ్య ఉండాలి కదా, సూరయ్య రావాలంటే తినాలి కదా అన్నాను. లెక్క చెప్పినట్టు చెప్పాను. చివరికి ఆమె అడిగింది ఒకటే.

"తింటే నిజంగా ఒగ్గేస్తారా అమ్మా?"

"నాకు మాటిచ్చారు" అన్నాను.

9 డిసెంబరు

స్కూలు గుండిగలోనే వండించారు. అందరూ బంతి కూర్చున్నారు. ఈసారి నిజంగానే ఆకులు వేశారు. పప్పు వడ్డించాక ఒక్క చెయ్యీ కదల్లేదు. ఇన్‌స్పెక్టరు గారు నావైపు చూశారు, నేను గున్నమ్మవైపు చూశాను. గున్నమ్మ కళ్ళు మూసుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. తరవాత పిల్లలు తిన్నారు. తరవాత అందరూ తిన్నారు. ఒక ముసలాయన తిని వెనక్కి వెళ్ళి కక్కుకున్నాడు. పిల్లలు మాత్రం ఆకులు నాకారు, మళ్ళీ పెట్టమన్నారు. వాళ్ళని చూసి నాకు కడుపు నిండింది. నేను చేసింది మంచిపనే.

11 డిసెంబరు

సూరయ్యని జీపులో దింపారు. ఇన్‌స్పెక్టరు గారు మాట నిలబెట్టుకున్నారు. సూరయ్య ఒక కాలు ఈడుస్తూ నడుస్తున్నాడు, వేళ్ళకి గుడ్డలు చుట్టి ఉన్నాయి. బతికే వచ్చాడు, అదే పదివేలు. గున్నమ్మ గంజి పోసి ఇస్తే ముంత అందుకుని వాసన చూసి, ఏ గుండిగలో కాసినావని అడిగాడు. ఆమె చెప్పింది. అంతా చెప్పింది. ఆయన ముంత కింద పెట్టేశాడు.

12 డిసెంబరు

ఆయన తినడం లేదు. కోపం కాదట. జాకరమ్మకి పెట్టకుండా కొత్త వండిన పొయ్యి మీద చేసింది ఎజ్జోడు ముట్టకూడదట. కేంపులో అన్ని పొయ్యిలూ ఇప్పుడు అంతే, అందరూ ఆ పప్పు తిన్నవాళ్ళే. తీరే దారి ఉంది. కొండమీద పాత ఊళ్ళో జాకరమ్మ రాయి ఉంది. అక్కడికెళ్ళి కోడిని పెట్టి తప్పు చెప్పుకుంటే అందరి పొయ్యిలూ మళ్ళీ బాగుపడతాయి. ఒక్క పూట పని.

బావ దగ్గరికి పరుగెత్తాను. అడుగుతానన్నాడు.

13 డిసెంబరు

పర్మిషను రాలేదు. మొన్న పైన కాల్పులు జరిగాయట, ఎవర్నీ పంపరట. ఆయనొక్కణ్ణి పంపండి, కావాలంటే సంకెళ్ళు వేసి పంపండి అన్నాను. సంకెళ్ళ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో.

15 డిసెంబరు

కొత్త కుండ కొనిపించాను. కొత్త పొయ్యి వేసి నేనే వండుతాను, నేను ఆ పప్పు తినలేదు కదా అన్నాను. సూరయ్య నన్ను చూసి మొదటిసారి నవ్వాడు.

"నీ మనసు మంచిదే తల్లీ. పప్పు ఎవల్ది? నీ మాట మీదే గదా వండినారు."

చెరువు గట్టున ఏడ్చి వచ్చాను. ఆయన నీళ్ళు మాత్రం తాగుతున్నాడు.

16 డిసెంబరు

పర్మిషను రాలేదు.

17 డిసెంబరు

నూకయ్య పోలీసుల వంట దగ్గర కూర్చుని నిజంగానే కూర తింటున్నాడు. నన్ను చూసి దాక్కోలేదు. ఎలాగూ అల్లుణ్ణన్నారు, పక్కన ఎవరూ కూర్చోవడం లేదు, ఇంట్లో పిల్లలున్నారు అన్నాడు. తరవాత చెయ్యి కడుక్కుంటూ, "ఏటి సెయ్యమంటారు, నానూ టీచరమ్మ పప్పు తిన్నాను" అన్నాడు.



18 డిసెంబరు

స్కూల్లోనూ విన్నాను. బలపం ఎవరు దొంగిలించార్రా అంటే ఒక పిల్ల తన నేస్తం పేరు చెప్పేసింది. బయటికెళ్ళాక ఆ నేస్తం అడుగుతోంది, ఎందుకు చెప్పావే అని. దెబ్బలకి భయపడి టీచరమ్మ పప్పు తిన్నానే అంది ఇది. ఇద్దరూ భుజాలమీద చేతులేసుకుని వెళ్ళిపోయారు.

గున్నమ్మని అడిగాను. చెప్పడానికి ఇష్టపడలేదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు చెయ్యకూడని పని చేస్తే అలా అనుకుంటున్నారట. నిన్ననలేదమ్మా, మమ్మల్నే అనుకుంటన్నాం అంది. పది రోజులు కాలేదు, అప్పుడే మాటయిపోయింది. ఆ ముసలమ్మని మరిచిపోయి బంతిని వాడుకుంటున్నట్టే, నన్ను మరిచిపోయి దీన్ని వాడుకుంటారు. అలా మరిచిపోతేనే మంచిదని కూడా అనిపించింది. ఎంత సిగ్గు.

20 డిసెంబరు, శనివారం

సూరయ్య పాక బయట దడివైపు తిరిగి కూర్చున్నాడు. ఎండ పడుతున్నా జరగడం లేదు. ఆ మాట ఎవరూ అనలేదు. నేనూ రాయను.

21 డిసెంబరు

ఇన్‌స్పెక్టరు గారి కాళ్ళు పట్టుకున్నాను. పైనుంచి ఆర్డరు రావాలమ్మా అన్నారు. డాక్టరుని పిలిపిస్తామన్నారు. డాక్టరెందుకు, ఒక్క కోడీ ఒక్క పూటా చాలండీ అన్నాను. బావ నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. మతిపోయిందా, నాకు ఉద్యోగం ఉంచుతావా లేదా అన్నాడు. తనూ భయపడుతున్నాడని నాకు అప్పుడు తెలిసింది.

23 డిసెంబరు

సూరయ్య పొద్దున్న పోయాడు.

27 డిసెంబరు, శనివారం

విశాఖపట్నం నుంచి పెద్ద ఆఫీసరు వచ్చారు. కేంపులో ఒక మనిషి తిండిలేక చచ్చిపోయాడని ఏదో పేపర్లో పడిందట. నిన్న బావ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. నిన్నే అడుగుతారు పద్మా, చదువుకున్నదానివని నీ మాటే తీసుకుంటారు, జ్వరం అను చాలు అన్నాడు. అనకపోతే అన్నాను. అనకపోతే పప్పు తినిపించమన్నది ఎవరన్న మాట వస్తుంది, కందుల సంగతి మొదట చెప్పిందెవరన్న మాటా వస్తుంది, ఇద్దరం పోతాం అన్నాడు. రాత్రంతా నిజమే చెప్తానని అనుకున్నాను. ఏమేం చెప్పాలో వరసగా అనుకున్నాను కూడా.

అందర్నీ కూర్చోబెట్టి, నన్ను ముందుకి పిలిచారు. ఆఫీసరు మర్యాదస్తుడు. కుర్చీ వేయించారు. ఇక్కడ మనుషులకి తిండి బాగా దొరుకుతోందా అన్నారు. దొరుకుతోందండీ అన్నాను. ఆ చనిపోయినతను ఎలా పోయాడమ్మా అన్నారు. ముందు వరసలోనే గున్నమ్మ కూర్చుని ఉంది. బావ నా కుర్చీ వెనకే ఉన్నాడు.

జ్వరం వచ్చిందండీ, అన్నాను.

ఎన్నాళ్ళు, అన్నారు. వచ్చినప్పట్నించీ ఉందండీ, అన్నాను. అది ఎవరూ చెప్పమనలేదు, నా అంతట నేనే కలిపాను. ఆఫీసరు తల ఊపి లేచారు. జీపులు వెళ్ళిపోయాయి. బావ నా భుజం తట్టి వెళ్ళాడు. వేసవిలో నేను ఇతన్ని పెళ్ళి చేసుకుంటాను, మేమిద్దరం దీని గురించి ఎప్పుడూ మాట్లాడుకోం. అంత స్పష్టంగా కనిపించింది నాకు.

ఇంటికి పోబుద్ధి కాక స్కూలు పాక వెనక్కి వెళ్ళాను. గున్నమ్మ పొయ్యి రాజేస్తోంది. నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండును. ఆమె తలెత్తి నా మొహం చూసింది.

"నువ్వూ తిన్నావేటమ్మా?" అంది.

తిన్నాను గున్నమ్మా, అన్నాను.

ఆమె పొయ్యి ఊదడం ఆపి, కాస్త పక్కకి జరిగింది.

"మరైతే రా, కూకో" అంది.